వంశపారంపర్య క్యాన్సర్ ముప్పుకు జన్యు పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి క్యాన్సర్ అని తేలగానే మిగిలినవాళ్ల మనసుల్లో ఇంకో ప్రశ్న మొదలవుతుంది: ఇది మాకూ వస్తుందా, మా పిల్లలకు వస్తుందా? ఆ భయంలో కొందరు ఏ ల్యాబులో పడితే ఆ ల్యాబులో వేల రూపాయలు పెట్టి పరీక్ష చేయించుకుంటారు, కొందరు అసలు ఆ ఊసే ఎత్తరు. ఈ పరీక్షకు రక్తం ఇచ్చేది ఒక మనిషే అయినా అడుగుతున్న ప్రశ్న మొత్తం కుటుంబానిది. అందుకే ఎవరి రక్తం తీయాలి, ఎందుకు తీయాలి అన్నవి సూది గుచ్చకముందే తేలాలి. కింది జవాబులు ఆ ఆలోచనకు ఉపయోగపడేందుకు రాసినవి, మీ డాక్టరుగారి సలహాకు బదులుగా కాదు.

క్యాన్సర్ వంశపారంపర్యంగా వచ్చే జబ్బేనా?

ఎక్కువ శాతం కాదు. మొత్తం క్యాన్సర్లలో 100కి 5 నుంచి 10 మాత్రమే తల్లి నుంచో తండ్రి నుంచో సంక్రమించిన ఒక్క జన్యులోపం వల్ల వస్తాయి. మిగతావాటిలో జన్యువులు దెబ్బతినడం పుట్టిన తర్వాత, వయసు, పొగాకు, కొన్ని వైరస్‌లు, కేవలం కణవిభజనలో జరిగే పొరపాట్లు వంటి కారణాలతో, శరీరంలో ఏదో ఒక చోట మాత్రమే జరుగుతుంది. ఆ మార్పులు పిల్లలకు వెళ్లవు.

వంశపారంపర్య క్యాన్సర్‌లో సంక్రమించేది జబ్బు కాదు, ముప్పు. ప్రతి జన్యువుకూ మనలో రెండు ప్రతులు ఉంటాయి, అమ్మ ఇచ్చినది ఒకటి, నాన్న ఇచ్చినది ఒకటి. ఒక ప్రతి పుట్టుకతోనే చెడిపోయి ఉన్నా రెండోది పని నెట్టుకొస్తుంది. ఏదో ఒక కణంలో ఆ రెండోది కూడా దెబ్బతిన్న రోజున అక్కడ అదుపు తప్పుతుంది. చిన్నపిల్లల కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌ను పరిశీలించి ఆల్‌ఫ్రెడ్ నడ్‌సన్ అనే శాస్త్రవేత్త 1971లో ఈ 'రెండు దెబ్బల' వివరణ ఇచ్చారు. రొమ్ము, అండాశయ క్యాన్సర్లకు సంబంధించిన బీఆర్‌సీఏ1 జన్యువు 17వ క్రోమోజోముపై ఉందని మేరీ క్లెయిర్ కింగ్ బృందం 1990లో చూపింది. 1994లో ఆ జన్యువు, మరుసటి ఏడాది బీఆర్‌సీఏ2 చేతికి చిక్కాయి. ఈ రెండూ తెగిన డీఎన్‌ఏను అతికే పని చేసే జన్యువులు. కాబట్టి 'బీఆర్‌సీఏ ఉందా?' అని అడగడం సరికాదు. అది అందరిలోనూ ఉంటుంది, అందులో లోపం ఉందా అన్నదే ప్రశ్న.

ఎలాంటి కుటుంబాలు ఈ పరీక్ష గురించి ఆలోచించాలి?

50 ఏళ్లలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చినా, రెండు రొమ్ములలోనూ వచ్చినా, ఏ వయసులోనైనా 'ట్రిపుల్ నెగెటివ్' రకం అని రిపోర్టులో ఉన్నా అడగాలి. మగవారికి రొమ్ము క్యాన్సర్ వస్తే తప్పకుండా అడగాలి. అండాశయ క్యాన్సర్ అయితే వయసుతోనూ కుటుంబ చరిత్రతోనూ పని లేకుండా పరీక్ష సూచిస్తారు. క్లోమగ్రంథి క్యాన్సర్‌కు, ఇతర భాగాలకు పాకిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు కూడా అంతే. పెద్దపేగు క్యాన్సర్ లేదా గర్భసంచి లోపొర క్యాన్సర్ 50 ఏళ్లలోపు వచ్చినా, పేగులో పాలిప్‌లు (లోపలి పొరపై పెరిగే చిన్న బుడిపెలు) పదికి మించి కనిపించినా, థైరాయిడ్‌లో 'మెడల్లరీ' రకం క్యాన్సర్ తేలినా, పసిబిడ్డ కంటిలో రెటినోబ్లాస్టోమా కనిపించినా ఈ మాట రావాలి.

వీటిలో ఏదీ లేకుండా, 70 ఏళ్లు దాటిన తాతగారికి ఊపిరితిత్తుల క్యాన్సర్, వేరే వైపు బంధువుకు నోటి క్యాన్సర్ ఉన్నంత మాత్రాన ఈ పరీక్ష వల్ల పెద్దగా తేలేదేమీ ఉండదు. ఆ ఇద్దరూ పొగాకు వాడినవారైతే ఆ ఇంటికి కావలసింది పొగాకు మానే సలహా.

కుటుంబ చరిత్ర అంటే ఏం చెప్పాలి? మాకు సరిగా తెలియదు.

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే విలువైన పరీక్ష ఇదే, దీనికి ఖర్చు ఒక తెల్లకాగితం. జన్యు కౌన్సెలింగ్‌లో, అంటే పరీక్ష గురించి నిపుణులు మీతో కూర్చుని మాట్లాడేటప్పుడు, మూడు తరాల వంశవృక్షం గీస్తారు. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, క్యాన్సర్ వచ్చినవారి గుర్తును నల్లగా నింపుతారు, పోయినవారి మీద అడ్డగీత గీస్తారు, ఎవరితో మొదలుపెట్టారో వారి పక్కన బాణం గుర్తు. మొదట నాలుగైదు గుర్తులతో బోసిగా ఉన్న కాగితం, 'మీ నాన్నగారి అక్కచెల్లెళ్లు ఎంతమంది?' అని అడిగేసరికి ఒక్కసారి ఎడమవైపుకు పెరిగిపోతుంది. అక్కడ ఎప్పుడో పోయిన మేనత్త ఒకామె బయటపడుతుంది. తండ్రివైపు బంధువులకు రొమ్ము క్యాన్సర్ వస్తే అది తమకు సంబంధించినది కాదని చాలామంది అనుకుంటారు. ఇది పెద్ద పొరపాటు. లోపమున్న జన్యువును తండ్రి కూడా సరిగ్గా తల్లిలాగే, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశంతో అందించగలడు.

పాత తరంలో జబ్బు పేరు పలికేవారు కాదు. 'కడుపులో గడ్డ', 'కడుపులో నీరు చేరింది', 'కామెర్లు ముదిరి పోయారు' అన్న మాటల వెనుక అండాశయం, పేగు, క్లోమం, కాలేయం ఏదైనా ఉండవచ్చు. కాబట్టి ఏ వయసులో పోయారు, ఎక్కడ ఆపరేషన్ చేశారు, కరెంటు పెట్టారా అని ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. రేడియేషన్‌ను మన పల్లెల్లో 'కరెంటు పెట్టడం' అంటారు. ఆ ఒక్క మాటతో క్యాన్సర్ అని నిర్ధారణ అయిన సందర్భాలు ఉంటాయి.

మన రెండు రాష్ట్రాలకు ప్రత్యేకంగా వర్తించే విషయం ఇంకొకటి ఉంది. గర్భసంచి తీయించుకున్న స్త్రీల నిష్పత్తి దేశంలోనే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో చాలా ఎక్కువ అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. అమ్మమ్మకు, పెద్దమ్మకు, పిన్నికి ముప్పై అయిదో ఏట ఆపరేషన్ చేసి గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేసి ఉంటే, జన్యులోపం ఉన్నా వారికి అండాశయ క్యాన్సర్ రాకపోయి ఉండవచ్చు. అప్పుడు వంశవృక్షం చూడటానికి శుభ్రంగా కనిపిస్తుంది, ముప్పు మాత్రం లోపల దాగి ఉంటుంది. అందుకే 'ఆపరేషన్ అయిందా' అన్న దగ్గర ఆగకుండా అండాశయాలు కూడా తీశారా, డిశ్చార్జ్ కాగితం ఉందా అని చూడాలి.

మా అమ్మకు క్యాన్సర్. నాకు పరీక్ష చేయించుకోవాలని ఉంది. ముందు ఎవరు చేయించుకోవాలి?

వీలైతే అమ్మగారే. ఆరోగ్యంగా ఉన్నవారితో మొదలుపెట్టి 'ఏమీ లేదు' అని రిపోర్టు వచ్చినప్పుడు దానికి రెండు అర్థాలు ఉంటాయి: ఇంట్లో ఉన్న లోపం మీకు రాలేదని ఒకటి, అసలు ఆ ఇంటి కారణాన్ని ఈ పరీక్ష పట్టుకోలేకపోయిందని ఇంకొకటి. ఈ రెండింటినీ వేరుచేయడానికి మార్గం, జబ్బు వచ్చిన మనిషిలో లోపాన్ని ముందుగా గుర్తించడం ఒక్కటే. అమ్మగారిలో ఫలానా మార్పు ఉందని తేలితే, మీరు, మీ తోబుట్టువులు, పిన్నులు, మేనమామలు ఆ ఒక్క మార్పు కోసమే చూపించుకోవచ్చు. దానికి ఖర్చు చాలా తక్కువ, జవాబు కూడా ఉందో లేదో స్పష్టంగా వస్తుంది. ఆ మార్పు మీలో లేదని తేలితే ఆ ఇంటి ముప్పు మీకూ లేదు, మీ పిల్లలకూ మీ ద్వారా వెళ్లదు.

జబ్బు వచ్చినవారు ఇప్పటికే లేకపోతే? ఆపరేషన్ చేసిన ఆసుపత్రి పాథాలజీ విభాగంలో వారి కణజాలం మైనపు బ్లాకులో భద్రంగా ఉండే అవకాశం ఉంది. అగ్గిపెట్టె కంటే చిన్నదైన ఆ దిమ్మ మీద ఒక నంబరు ఉంటుంది. అదే నంబరు పాత బయాప్సీ రిపోర్టు పైభాగంలోనూ ఉంటుంది. ఫార్మలిన్‌లో నానిన కణజాలంలో డీఎన్‌ఏ ముక్కలైపోతుంది కనుక ఫలితం ప్రతిసారీ రాదు, అయినా అడిగి చూడదగ్గది. అందుకని పోయినవారి రిపోర్టులు చూడలేక పారేయకండి, దాచిపెట్టండి. అదీ కుదరనప్పుడు, వంశవృక్షం ప్రకారం ముప్పు ఎక్కువగా కనిపించే బంధువుతో మొదలుపెడతారు.

పరీక్ష ఎలా చేస్తారు?

మూత ఊదారంగులో ఉండే చిన్న గొట్టంలో కొద్దిగా రక్తం తీస్తారు, లేదా లాలాజలం తీసుకుంటారు. పరగడుపున రావలసిన అవసరం లేదు. ఒకేసారి పదుల జన్యువులను చదివే 'ప్యానెల్' పరీక్ష ఇప్పుడు వాడుకలో ఉంది. జన్యువులో పెద్ద ముక్క ఎగిరిపోయిన లోపాలను సాధారణ పద్ధతి కొన్నిసార్లు వదిలేస్తుంది కనుక, వాటిని కూడా చూస్తున్నారా అని ల్యాబును అడగండి. ఫలితానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. ఎముక మజ్జ మార్పిడి జరిగినవారి రక్తంలో దాత జన్యువులు ఉంటాయి కాబట్టి, వారి విషయంలో చర్మం నుంచి తీసిన నమూనా కావాలి.

కణితి ముక్క మీద చేసే జన్యు పరీక్షను దీనితో కలపకండి. అందులో కనిపించిన మార్పు కణితికి మాత్రమే పరిమితమై ఉండవచ్చు. అది పుట్టుకతో వచ్చినదా కాదా అన్నది రక్తపరీక్షతోనే ఖాయమవుతుంది.

రిపోర్టులో ఏమొస్తే ఏమర్థం?

ఒక్కో మార్పును ల్యాబులు అయిదు తరగతుల్లో ఒకదానిలో చేరుస్తాయి. రెండు చివర్లలో ఉన్నవి తేలికే: హానికరం అంటే ముప్పు ఉంది, నిరపాయకరం అంటే అది మనిషికీ మనిషికీ ఉండే మామూలు తేడా. చిక్కంతా మధ్యలో ఉన్న తరగతితో వస్తుంది. దానిని 'వీయూఎస్' అని రాస్తారు, అంటే ఆ మార్పు ప్రభావం ఏమిటో ఇంకా తేలలేదని అర్థం. ఈ మూడక్షరాలను చూసి 'జన్యులోపం ఉంది' అని భయపడేవారు ఉన్నారు, ఇంకా బాధాకరం ఏమిటంటే వాటి ఆధారంగా ఆపరేషన్ దాకా ఆలోచించేవారూ ఉన్నారు. అలా చేయకూడదు. వీయూఎస్ మీద ఆధారపడి ఏ అవయవమూ తీయించుకోరాదు, ఆ మార్పు కోసం ఆరోగ్యంగా ఉన్న బంధువులను పరీక్షించరాదు. చికిత్స, పర్యవేక్షణ అన్నీ కుటుంబ చరిత్రను బట్టే సాగాలి.

ఇది మనవాళ్ల రిపోర్టులలో ఎక్కువగా కనిపించడానికి కారణం ఉంది. ఏ మార్పు హానికరమో తేల్చడానికి వేలమంది సమాచారాన్ని పోల్చి చూడాలి. ప్రపంచంలో ఇంతవరకు పోగైన సమాచారంలో అధికభాగం యూరప్ మూలాలున్నవారిది. భారతీయుల సమాచారం పెరిగేకొద్దీ ఈ వీయూఎస్‌లు ఒక్కొక్కటిగా అటో ఇటో తేలుతుంటాయి, వాటిలో ఎక్కువ భాగం చివరకు నిరపాయకరమనే తేలుతున్నాయి. కాబట్టి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి రిపోర్టు ఇచ్చిన చోట 'దీని తరగతి మారిందా?' అని అడగడం మీ హక్కు.

'ఏ హానికర మార్పూ లేదు' అన్న రిపోర్టును కూడా జాగ్రత్తగానే చదవాలి. ఇంట్లో ముగ్గురికి రొమ్ము క్యాన్సర్ వచ్చి, రిపోర్టు శుభ్రంగా వస్తే, ఆ ఇంటి ఆడపిల్లలకు మామూలు కంటే ముందే పరీక్షలు మొదలుపెట్టడం అవసరమే కావచ్చు.

బీఆర్‌సీఏ లోపం ఉందని తేలింది. ఇక క్యాన్సర్ వచ్చి తీరుతుందా?

తప్పకుండా వస్తుందని కాదు, కానీ ముప్పు చిన్నది కాదు. దాదాపు 10 వేలమంది స్త్రీలను గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 80 ఏళ్లు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ అవకాశం బీఆర్‌సీఏ1 లోపంతో 100కి 72, బీఆర్‌సీఏ2 లోపంతో 69. అండాశయ క్యాన్సర్‌కు ఆ అంకెలు వరుసగా 44, 17. ఆ స్త్రీలలో అత్యధికులు పాశ్చాత్య దేశాలవారు కనుక ఈ అంకెలను మనకు అక్షరాలా అన్వయించకుండా దిక్సూచిలా చూడాలి.

రొమ్ము విషయంలో రెండు దారులున్నాయి. 25వ ఏట నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి దానికి తోడు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకుంటూ, జబ్బు వస్తే తొలిదశలోనే పట్టుకోవడం ఒకటి. ముందుగానే రెండు రొమ్ములూ తీయించుకోవడం రెండోది. దీనితో ముప్పు సుమారు 90 శాతం తగ్గుతుంది. హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ 2013లో ఈ రెండో దారి ఎంచుకున్నానని బహిరంగంగా చెప్పిన తర్వాతే ఈ పరీక్ష పేరు మామూలు ఇళ్లలోకి వచ్చింది. ఈ రెండిటిలో ఏది మంచిదని డాక్టరు ఆజ్ఞాపించకూడదు, భర్తో అత్తవారో నిర్ణయించకూడదు. ఆ స్త్రీ తనకు కావలసినంత సమయం తీసుకుని తేల్చుకోవాలి.

అండాశయాల విషయంలో మాత్రం ఇంత వెసులుబాటు లేదు. స్కానింగు, సీఏ-125 రక్తపరీక్షలతో అండాశయ క్యాన్సర్‌ను ముందుగా పట్టి మరణాలు తగ్గించవచ్చని ఇంతవరకు రుజువు కాలేదు. అందువల్ల పిల్లలు పుట్టడం పూర్తయ్యాక, బీఆర్‌సీఏ1 అయితే 35-40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40-45 మధ్య అండాశయాలను, వాటి నాళాలను తీయించుకోమని సూచిస్తారు. దానితో నెలసరి ముందుగానే ఆగిపోతుంది, ఒంట్లో ఆవిర్లు, ఎముకలు పలచబడటం వంటివి ఎదురవుతాయి. వాటికి ఏం చేస్తారో ఆపరేషన్‌కు ముందే మాట్లాడుకోవాలి.

క్యాన్సర్ ఇప్పటికే వచ్చినవారికి ఈ పరీక్షతో ఏం ప్రయోజనం?

చికిత్స మారవచ్చు. బీఆర్‌సీఏ లోపం ఉన్న కణితులపై బాగా పనిచేసే పార్ప్ నిరోధకాలు అనే మందుల వర్గం ఉంది. వాటిలో మొదటిదైన ఒలాపరిబ్‌కు అండాశయ క్యాన్సర్‌లో 2014లోనే అమెరికా, యూరప్‌లలో అనుమతి లభించింది. ఆపరేషన్ ఎంత మేరకు చేయాలి, రెండో రొమ్ము సంగతి ఏమిటి అన్న నిర్ణయాలూ దీనిపై ఆధారపడతాయి. టీపీ53 అనే జన్యువులో లోపం ఉంటే రేడియేషన్‌ను వీలైనంత తప్పిస్తారు, ఎందుకంటే దానివల్లే మరో క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంటుంది. కాబట్టి వీలైతే చికిత్స మొదట్లోనే అడగడం మంచిది.

పెద్దపేగు క్యాన్సర్‌కూ ఇలాంటిది ఉందా?

ఉంది, దాని పేరు లించ్ సిండ్రోమ్. డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు దొర్లే అచ్చుతప్పులను దిద్దే ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 జన్యువులలో ఏదో ఒకటి చెడిపోవడం వల్ల పెద్దపేగు, గర్భసంచి క్యాన్సర్లు చిన్న వయసులో వస్తాయి. తీసిన కణితి మీద ఈ నాలుగు ప్రోటీన్లు ఉన్నాయో లేదో చూసే రంగుల పరీక్షను చాలా పాథాలజీ ల్యాబులు చేయగలవు, ఖర్చు కూడా జన్యు పరీక్షంత కాదు. ప్రతి పెద్దపేగు క్యాన్సర్ రిపోర్టులోనూ ఇది ఉండాలని నా గట్టి అభిప్రాయం. లోపం ఉన్నవారికి 20-25 ఏళ్ల నుంచి (ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అయితే ఇంకొంత ఆలస్యంగా) ఏడాది లేదా రెండేళ్లకోసారి కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూడటం) చేస్తారు. అందులో పాలిప్ కనిపిస్తే అప్పుడే తీసేస్తారు, అంటే ఇక్కడ క్యాన్సర్ రాకముందే ఆపగలుగుతాము.

మాది మేనరికం పెళ్లి. ప్రమాదం ఎక్కువా?

పైన చెప్పిన లోపాలకు ఒక్క చెడ్డ ప్రతి చాలు, కాబట్టి మేనరికం ఉన్నా లేకున్నా తల్లిదండ్రులలో ఒకరి నుంచి బిడ్డకు వచ్చే అవకాశం సగమే. కానీ మేనరికంలో భార్యాభర్తలిద్దరికీ ఒకే తాతగారి నుంచి ఒకే లోపం వచ్చి ఉండే వీలుంది. అప్పుడు నలుగురు పిల్లల్లో ఒకరికి రెండు ప్రతులూ చెడిపోయినవే అందే అవకాశం ఏర్పడుతుంది, దాని పరిణామం వేరుగా ఉంటుంది. బీఆర్‌సీఏ2 లేదా పాల్‌బీ2 అనే మరో జన్యువు రెండు ప్రతులూ చెడితే బిడ్డకు ఫాంకోనీ అనీమియా అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. లించ్ జన్యువులలో అలా జరిగితే పసితనంలోనే మెదడు, రక్త, పేగు క్యాన్సర్లు రావచ్చు, ఒంటిమీద కాఫీ రంగు మచ్చలు కనిపిస్తాయి. అందుకే లోపం ఉన్న ఇంట్లో మేనత్త కొడుకుతోనో మేనమామతోనో సంబంధం అనుకుంటున్నప్పుడు ఇద్దరికీ పరీక్ష చేయించడం తెలివైన పని. వంశవృక్షంలో మేనరికాన్ని జంటగీతతో చూపిస్తారు, దాచకుండా చెప్పండి.

మగవారికి ఈ పరీక్షతో పనేముంది?

బీఆర్‌సీఏ2 లోపం ఉన్న మగవారికి ప్రోస్టేట్ క్యాన్సర్ ముప్పు ఎక్కువ, వచ్చినా దూకుడుగా ఉంటుంది. 40 ఏళ్ల నుంచి ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ రక్తపరీక్ష సూచిస్తారు. రొమ్ము, క్లోమ క్యాన్సర్ల ముప్పు కూడా కొంత పెరుగుతుంది. ఆ లోపం కూతుళ్లకు వెళ్లే అవకాశం సంగతి సరేసరి.

పిల్లలకు చేయించవచ్చా?

పెద్దయ్యాకే ముప్పు తెచ్చే బీఆర్‌సీఏ వంటి లోపాలకు 18 ఏళ్లలోపు చేయించకూడదు. ఆ వయసులో తెలిసినా చేయగలిగింది లేదు, పైగా తెలుసుకోవాలా వద్దా అన్న హక్కు ఆ బిడ్డది. దీనికి భిన్నంగా, రెటినోబ్లాస్టోమాకు చెందిన ఆర్‌బీ1, మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్‌కు చెందిన రెట్, పేగులో వందల పాలిప్‌లు తెచ్చే ఏపీసీ, టీపీ53 లోపాలున్న ఇళ్లలో చిన్నప్పుడే చేయించాలి, ఎందుకంటే ముప్పు అప్పటినుంచే మొదలవుతుంది. ఆర్‌బీ1 లోపం ఉన్న ఇంట్లో పుట్టిన బిడ్డ కళ్లను పుట్టిన మొదటి రోజుల నుంచే చూపించాలి. కంటిపాపలో, ముఖ్యంగా ఫ్లాష్‌తో తీసిన ఫొటోలో, తెల్లటి మెరుపు కనిపిస్తే ఏ పరీక్ష కోసమూ ఆగకండి, వెంటనే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

అమెరికాలో ఉన్న మా అబ్బాయి ఇంటికే తెప్పించుకున్న కిట్‌లో 'లేదు' అని వచ్చింది. చాలదా?

చాలదు. అక్కడ ఇంటి కిట్‌లలో ఒకదానికి 2018లో అనుమతి ఇచ్చినప్పుడు అది వెదికింది బీఆర్‌సీఏ జన్యువులలోని 3 మార్పులనే. ఆ మూడూ తూర్పు, మధ్య యూరప్ మూలాలున్న అష్కనాజీ యూదులలో ఎక్కువగా కనిపించేవి. తర్వాత ఆ సంఖ్య పెంచినా, ఈ జన్యువులలో హానికర మార్పులు వేలల్లో ఉన్నాయి. ఆ మూడింటిలో ఒకటి, 185డెల్‌ఏజీ అనే బీఆర్‌సీఏ1 మార్పు, భారతీయ కుటుంబాల్లోనూ కనిపించింది. కిట్‌లో 'ఉంది' అని వస్తే ఆసుపత్రిలో మళ్లీ నిర్ధారించుకోవాలి, 'లేదు' అని వస్తే ధీమా పడకూడదు.

బీమా ఇవ్వరేమో, సంబంధాలు కుదరవేమో అన్న భయం ఉంది.

ఆ భయం నిరాధారమైనది కాదు. అమెరికాలో 2008లో వచ్చిన జీనా చట్టం జన్యు సమాచారం ఆధారంగా ఆరోగ్య బీమా, ఉద్యోగం నిరాకరించడాన్ని నిషేధించింది, కానీ జీవిత బీమాకు అది వర్తించదు. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. జన్యు వ్యాధుల పేరుతో ఆరోగ్య బీమాను విస్తృతంగా మినహాయించడం వివక్షేనని 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ వ్యాజ్యం తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లింది కనుక దాన్ని స్థిరపడిన రక్షణగా భావించవద్దు. కుటుంబ అవసరాలకు తగిన పాలసీలు పరీక్షకు ముందే ఉన్నాయో లేదో చూసుకోండి, దరఖాస్తులో అడిగిన ప్రశ్నలకు అబద్ధం మాత్రం రాయకండి.

పెళ్లి విషయం ఇంకా సున్నితమైనది. ఆడపిల్ల రిపోర్టును పదిమందిలో పెట్టవలసిన పని లేదు, అది ఆమె సొంత సమాచారం. అయితే రక్తసంబంధీకులకు చెప్పకుండా దాచడం వేరే సంగతి: మీలో తేలిన లోపం మీ చెల్లెలిలోనూ ఉండటానికి సగం అవకాశం ఉంది, ఆమె ప్రాణం ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉండవచ్చు. నేరుగా చెప్పడం కష్టమైతే, బంధువులకు ఇవ్వడానికి వీలుగా ఒక పేజీ లేఖ రాసివ్వమని కౌన్సెలర్‌ను అడగండి. అందులో మీ జబ్బు వివరాలేవీ లేకుండా, ఏ జన్యువులో ఏ మార్పు కోసం చూడాలో మాత్రమే ఉంటుంది.

ఎక్కడికి వెళ్లాలి, ఏం తీసుకెళ్లాలి?

చికిత్స చేస్తున్న క్యాన్సర్ డాక్టరునే మొదట అడగండి. హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, జన్యు నిర్ధారణ పరీక్షలకు కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది, రెటినోబ్లాస్టోమాకు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. క్యాన్సర్ చికిత్సకు హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖపట్నంలో టాటా మెమోరియల్‌కు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. వెళ్లేటప్పుడు బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ తర్వాత వచ్చిన పెద్ద రిపోర్టు, ఇంతకుముందు ఎవరికైనా జన్యు పరీక్ష జరిగి ఉంటే దాని పూర్తి నకలు తీసుకెళ్లండి. 'పాజిటివ్ అని చెప్పారు' అన్న నోటిమాట సరిపోదు, ఆ మార్పును అక్షరాలతో, అంకెలతో రాసిన వరుస కావాలి. మీతో పాటు వీలైతే కుటుంబంలో అందరి సంగతులూ గుర్తున్న పెద్దావిడ ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లండి, వంశవృక్షంలో ఖాళీలు నింపేది సాధారణంగా ఆవిడే.